రాతి తోటలో మా ఊరి చెట్లు

ఇప్పుడంటే ఏ మొక్క ఎదురుపడినా ఫోన్‌తో ఫొటో తీసి పేరు అడిగేస్తున్నాం గానీ, ఆ రోజుల్లో నాకు తోచిందే పేరు, నేను చెప్పిందే వేదం. ఉద్యోగం వచ్చి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌కి మారిన కొత్త. నా తోటపని అల్లా పెరుగు డబ్బాలో వేసిన కొత్తిమీర. (అదీ సగం ఎండింది.) అయినా నా పెళ్లి బాధ్యత నెత్తినేసుకున్న పక్క వీధి ఆంటీ, తను చూసిన అమ్మాయికి మొక్కలంటే ప్రాణమని తెలియగానే నా బయోడేటాలో హాబీల దగ్గర ‘గార్డెనింగ్’ అని చేర్చేసింది. అమ్మాయి వాళ్లది వరంగల్. ఇక్కడే చదువుకుని, ఇక్కడే ఉద్యోగం చేస్తూ, వీకెండ్స్‌లో ఒక బొటానికల్ గార్డెన్‌లో వాలంటీర్‌గా పనిచేసేది. ఫొటో చూసిన రోజు నుంచీ ఈ సంబంధం తప్పిపోతే ఎలాగా అని నాకు ఒకటే బెంగ. “ఆ గార్డెన్‌లోనే కలుద్దామంది బాబూ. నువ్వు మాత్రం నోరు కాస్త తక్కువ తెరువు” అని ఆంటీ మరీ మరీ చెప్పింది.

వసంతకాలం, శనివారం. ముందు పార్కింగ్ నిండిపోయి ఉంటే వెనక వైపు కార్ పెట్టి, అద్దంలో జుట్టు సరిచేసుకుంటూ వెనక గేట్‌లోంచి లోపలికి వెళ్లాను. పెద్ద పెద్ద రాళ్ల మధ్య రంగురంగుల పూలు, వాటి మధ్య గడ్డి టోపీ పెట్టుకుని ఆ అమ్మాయి. నమస్కారాలయ్యాక ఏం మాట్లాడాలా అని చుట్టూ చూశాను. అప్పుడు కనబడింది, ఎర్రగా విరగబూసిన బాటిల్ బ్రష్. మా హైస్కూల్ గేట్ దగ్గర సరిగ్గా ఇలాంటి చెట్టే ఉండేది. ప్రాణం లేచొచ్చింది. “ఇది మా ఊరి చెట్టండీ. ఎవరో మన దేశం నుంచి తెచ్చి వేసుంటారు” అన్నాను. అంతే, ఆంటీ సలహా గాలికి పోయింది. పసుపు ముద్దల్లాంటి పూలను చూసి మా తుమ్మే అన్నాను. ఒక ఆకు నలిపి వాసన చూసి, మా నాయనమ్మ జలుబుకి ఆవిరి పట్టించే జామాయిల్ అన్నాను. రాళ్ల చివర సరుగుడు చెట్టు కనబడగానే చీరాల సముద్రం దాకా వెళ్లిపోయాను. గాలికి అక్కడి సరుగుడు తోటలు చేసే హోరు, మా అక్క పెళ్లిపందిరికి వేసిన సరుగుడు రాటలు, అన్నీ చెప్పేశాను. (పెళ్లిచూపుల్లో పందిరి మాటెత్తానని ఆమె చెవులు ఎర్రబడ్డాక గానీ తట్టలేదు.) పొడవాటి కాడల మీద నూగు వేళ్లలా విచ్చుకున్న పూల దగ్గర మాత్రం ఆగాల్సొచ్చింది.

“ఇది మా వైపు లేదండీ. తెలంగాణ వైపు ఉంటుందేమో.”

“మా దిక్కు గూడ లేదండీ” అంది ఆమె, పెదవులు బిగబట్టి.

బయటికి మాత్రం ముందు గేట్ నుంచి తీసుకెళ్లింది. అక్కడ నా ఎత్తు బోర్డు: ‘ఆస్ట్రేలియా దేశపు మొక్కలు’. చదువు రానివాళ్లకి కూడా తెలియాలని కాబోలు, కింద కంగారూ బొమ్మ. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. సంబంధం పోయిందనే అనుకున్నాను.

“ముందే చెప్పొచ్చు కదండీ.”

“చెప్తే ఆగిపోతరు గదా. మీ ఊరి గురించి అంత మంచిగ చెప్తుంటే ఆపబుద్ధి కాలే” అంది. “మరి గార్డెనింగ్ అని రాశిన్రు?”

“కొత్తిమీరండీ. పెరుగు డబ్బాలో. అదీ ఎండిపోతోంది.”

ఆమె టోపీ తీసి అందులోకి ముఖం దాచుకుని నవ్వింది. సాయంత్రం ఆంటీ ఫోన్ చేసింది. “అబ్బాయికి మొక్కలు తెలియవు గానీ మనసులో దాపరికం లేదందిరా. ఏం వాగావు నువ్వు?” ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వెళ్లి కొత్తిమీరకి నీళ్లు పోశాను. కళ్లు చెమర్చాయి.

ఆ తర్వాత ప్రతి వసంతంలోనూ ఆ తోటకి వెళ్తూనే ఉన్నాం, ముందు గేట్‌లోంచే. మొన్న మా అబ్బాయి తన స్నేహితుణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బోర్డు పక్కనుంచే పరుగెత్తుకెళ్లి బాటిల్ బ్రష్ కింద నిలబడి, “దిస్ ఈజ్ మా డాడీ ఊరి ట్రీ” అని గొప్పగా చెప్పాడు. నేను దిద్దబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఉండనియ్యండి. ఆపబుద్ధి అయితలేదు” అంది.