అక్క గొంతుకు ఒక మైకు

గొంతునిచ్చినవాడికి స్తోత్రం. మట్టిలో ఊపిరి ఊది, ఆ ఊపిరికి స్వరమిచ్చి, ఆ స్వరానికి తన నామం నేర్పినవాడికి స్తోత్రం. పాడినప్పుడు విన్నవాడు పాడలేనప్పుడూ వింటాడని నమ్మి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నా చెయ్యి అలసిపోయింది. ఆయన అలసిపోడు కనుక రాయగలుగుతున్నాను.

మా ప్రార్థన మందిరంలో పాటలు ఎత్తుకునేది మా అక్క. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద శ్రీకాకుళం వైపు నుంచి ఇనుప ఖనిజం గనులున్న ఈ కిరండూల్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం, హిందీ బడిలో చదువుకున్నాం. నేనూ రైల్వేలోనే చేరాను. అక్క ఇంటి దగ్గర చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఆదివారం మందిరంలో నేను సౌండు పెట్టె దగ్గర కూర్చుంటాను, ఆమె ముందు నిలబడి పాడుతుంది. ఆమె పాడే వాటిలో సగం ఆమె కట్టినవే. మాటలు ఎక్కడో కాగితాల మీద ఉంటాయి గానీ రాగం మాత్రం ఆమె గొంతులోనే ఉంది.

ఆ గొంతు కిందే, పోయిన వానలు వెళ్ళాక, గడ్డ కనిపించింది. విశాఖపట్నం తీసుకెళ్తే డాక్టరు చూసి ఆపరేషన్ తప్పదన్నాడు. "గొంతు మారొచ్చు, మారకపోవచ్చు. ముందే చెప్పలేం" అన్నాడు. తిరుగు ప్రయాణంలో బండి సొరంగాలన్నీ దాటింది. అక్క కిటికీ వైపు చూస్తూనే అంది:

"తమ్ముడా, కొయ్యకముందే నా పాటలు పట్టి దాచీరా."

మందిరంలో ఉన్నది ఒకే ఒక చేతి మైకు. వాక్యం చెప్పడానికీ అదే, పాటకీ అదే, పెళ్ళి ప్రకటనలకీ అదే. దాని జాలీకి సొట్ట. దానిలో పాట దాస్తే చిరిగిన సంచిలో గింజలు పోసినట్టే. అందుకని మందిరం తరఫున మంచి మైకు కొందామన్నారు పాస్టరయ్యగారు. ఆయనది భోపాల్‌పట్నం వైపు. ముగ్గురం జగదల్‌పూర్ వెళ్ళాం.

అక్కడ ఒక దుకాణం ఉంది. ముందు గదిలో మైకులు అమ్ముతారు, వెనక గదిలో ఇక్కడివాళ్ళ హల్బీ భాషలో పెళ్ళిపాటలు రికార్డు చేస్తారు. దుకాణదారు బల్ల మీద మూడు మైకులు పెట్టి, "దీదీ, కుఛ్ గాకే దేఖియే" అన్నాడు. ఏదైనా పాడి చూడమన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. "దేవుడి పాటని కల్లంలో గింజ కొరికి సూసినట్టు సూడమంటాడేటిరా? నాను పాడను."

మా సంఘంలో అలాంటి పట్టింపు ఉంది. స్తుతిపాటను సరుకు పరీక్షకు వాడరు. ప్రార్థన చేశాకే పాడతారు, ఆయన కోసమే పాడతారు. పోనీ వేరే పాట పాడమందామంటే, లోకపు పాటలు బాప్తిస్మం నాడే వదిలేసింది. ఇంకో ఆనవాయితీ కూడా ఉంది. మందిరానికి ఏ కొత్త వస్తువు కొన్నా, బెంచీ అయినా డప్పు అయినా, దాని మీద మొదటి మాట పాస్టరుగారిదే. అందుకని ఆయనే ముందుకొచ్చారు.

"హల్లెలూయ! మైకు మంచిగున్నదా?" అన్నారు.

వెండిరంగులో మెరుస్తున్న కండెన్సర్ మైకు అది, చీమ నడిచినా వినిపించే రకం. అయ్యగారి గొంతు దానిలోంచి కొండ మీద ఉరిమినట్టు వచ్చింది. "ఏందిది, నేనేనా?" అని ఆయనే ఆశ్చర్యపోయారు. ఇంకో రెండుసార్లు హల్లెలూయ చెప్పి చూసుకున్నారు. అదే కొన్నాం. నచ్చకపోతే తెచ్చి మార్చుకోమని దుకాణదారు చెప్పాడు. అందరం సంతోషంగానే తిరిగొచ్చాం. పాడవలసిన మనిషి గొంతు ఆ మైకులో వినలేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మర్నాడు మందిరంలో ఫ్యాన్లు ఆపి, కిటికీలు మూసి, ప్రార్థన చేసుకుని మొదటి పాట రికార్డు పట్టాను. అక్క ముసుగు మీదే హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. వింటుంటే ఆమె మొహం ముడుచుకుపోయింది. మన పాటల్లో ఎటు చూసినా 'స' కదా. స్తోత్రం, సిలువ, యేసు, సన్నుతి. ప్రతి 'స' ఈల వేసినట్టు చెవిలో గుచ్చుకుంటోంది. పైగా గంజి పెట్టిన చీర ముసుగు చెంపకు రాసుకున్న చప్పుడూ, దూరాన ఖనిజం బండి కదిలిన చప్పుడూ అన్నీ దానిలో పడ్డాయి.

"నా పాట నిండా పాములు తిరుగుతున్నాయేటిరా?" అంది.

మైకు దూరం జరిపాను. వెనక దుప్పటి వేలాడదీశాను. ఆమెను మళ్ళీ పాడమన్నాను, మళ్ళీ పాడింది. మూడో పాటకే గొంతు జీరపోయి, బెంచీ మీద కూలబడి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నాకు ఓపిక నేదు, తమ్ముడా. ఉన్న గొంతు కాస్తా దీన్ని సరిసూడ్డానికే అయిపోతాది." నాకూ ఓపిక లేదు. డ్యూటీ దిగి నేరుగా వచ్చాను. విశాఖలో ఇచ్చిన తారీఖు దగ్గరపడుతోంది. బయట బండి వెళ్తూనే ఉంది.

అయ్యగారు వచ్చి విన్నారు. "నేను మాట్లాడినప్పుడు మంచిగనే ఉండె గద అమ్మా?"

"మీకు బాగుంది అయ్యగారూ. ఆపరేషను కూడా మీకే అయితే సరిపోయేది."

ఆయన గట్టిగా నవ్వబోయి, నవ్వు మధ్యలో ఆపేసి తల వంచుకున్నారు. "నిజమే తల్లీ. ఈసారి నేను రాను. మీరిద్దరే పోండ్రి. గని పాడకుంట ఎట్ల చూస్తవు?"

అక్క హెడ్‌ఫోన్ బెంచీ మీద పెట్టి లేచింది.

జగదల్‌పూర్ బస్సులో గీదం ఊరు దాటేదాకా నా భుజం మీదే నిద్రపోయింది. మెడలో ఆ గడ్డ ఊపిరితో పాటు లేచి పడుతుంటే చూడలేక నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. ప్రార్థన చేద్దామనుకున్నాను, మాటలు రాలేదు. బైబిల్లో, బిడ్డ కోసం గుడిలో పెదవులు మాత్రమే కదిపిన తల్లి మొరను కూడా ఆలకించినవాడు కదా అని ఊరుకున్నాను.

దుకాణదారు మైకు వెనక్కి తీసుకుని, మిగతా రెండూ వెనక గదిలో పెట్టి, "దీదీ, ఇస్ బార్ గానా పడేగా" అన్నాడు. ఈసారి పాడక తప్పదన్నాడు. అక్క కుర్చీలో సర్దుకుని, ముసుగు వెనక్కి నెట్టుకుని, కళ్ళు మూసుకుంది. తర్వాత తను కట్టిన పాట రాగంలోనే ఎత్తుకుంది:

"సాత్ ఏకమ్ సాత్... సాత్ దూనీ చౌదహ్... సాత్ తియా ఇక్కీస్..."

దుకాణదారు నోరు తెరిచాడు. "దీదీ, యే తో పహాడా హై!"

"హాఁ భయ్యా, పహాడా హీ హై. ఇస్‌మే పాప్ నహీఁ హై" అంది అక్క. తర్వాత నాతో తెలుగులో, "ఎక్కంలో పాపమేటుంది? ఏడో ఎక్కంలో అడుగడుక్కీ 'స' ఉంది, సూసుకో."

చిన్నప్పుడు హిందీ బడిలో గుంపుగా అరిచి నేర్చుకున్న ఎక్కం అది. ఇప్పుడామె దాన్ని పల్లవిలా సాగదీసి, చరణంలా పైకెత్తి పాడింది. దుకాణదారు బల్ల మీద వేళ్ళతో తాళం వేశాడు.

ఆ రెండింటిలో మొదట పెట్టిన మైకులో విన్నప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. 'స' గుచ్చుకోలేదు. జీర లేదు, అలసట లేదు. నా చిన్నప్పుడు వాకిలి ఊడుస్తూ పాడుకునే అక్క గొంతు అది. "ఇదే తీసుకుందాం" అన్నాను. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు వింది.

"ఇదెవర్తిరా?"

"నువ్వేనక్కా."

"నాను కాదు. నా గొంతులో ఇప్పుడు బొంగురుంది. ఇది నానేనని దాసిపెట్టి ఎల్తే అబద్ధ సాక్ష్యం అవ్వదేటి?"

బాగుందని చెప్పాలని ఉంది, ఆమె అలాగే ఉండిపోతే బాగుండునని చెప్పాలని ఉంది. కానీ వాక్యంలో పెరిగినవాళ్ళం, ఆ మాటకు ఎదురు చెప్పలేం.

చివరిది నల్లటి, లావుపాటి డైనమిక్ మైకు. రేడియోలో మాట్లాడేవాళ్ళు వాడతారట. చూడ్డానికి మెరుపు లేదు, వినడానికీ లేదు. ఎదురుగా ఉన్న గొంతునే పట్టుకుంది, పక్క చప్పుళ్ళను పెద్దగా పట్టించుకోలేదు. 'స' అంటే 'స' లాగే పలికింది. కింది స్థాయికి దిగేటప్పుడు, గడ్డ అడ్డుపడే చోట, గొంతు ఎక్కడ తడబడుతుందో అక్కడ తడబడింది. అక్క ఎక్కం చివరిదాకా వింది. "సాత్ దహాయీ సత్తర్" దగ్గర కళ్ళు తెరిచింది.

"ఇది నానే. అలిసిపోయినా నానే."

అదే తెచ్చుకున్నాం. ఈసారి అక్క ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీర కట్టుకుని వచ్చింది. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, జానెడు దూరంలో పెట్టాను. ఏ గూడ్సు ఎప్పుడు కదులుతుందో నాకు తెలుసు కాబట్టి బండికీ బండికీ మధ్య పాడించాను. అయ్యగారు గుమ్మం బయట కాపలా కూర్చుని, వచ్చేపోయే వాళ్ళను, "లోపట రికార్డింగ్ అయితాంది, సప్పుడు చేయకుండ్రి!" అని గట్టిగా కేకలు వేస్తుంటే, ఆ కేక ఒక పాటలో పడింది. తీసేయనా అని అడిగితే అక్క వద్దంది. "ఉండనీరా. ఆయనా సాచ్చిగుంటాడు."

ఏ రోజైనా మధ్యాహ్నానికి ఒకటో రెండో పాటలు, ఆ పైన గొంతు పలికేది కాదు. అలా లాక్కుంటూ వచ్చి నిన్నటికి ఒక్క పాట మిగిలింది. ఆదివారం కూటం ముగిసేటప్పుడు పాడేది. మైకు సరిచేసి, తలూపాను. ఆమె పాడలేదు.

"అది ఒగ్గీరా."

"ఎందుకక్కా? ఒక్కటే కదా."

"అది వొచ్చాక పాడతాను."

విశ్వాసంతో అందో, ఓపిక లేక అందో నేను అడగలేదు. రెండూ ఒకే గొంతులోంచి వచ్చాయి. తీగ చుట్టి, మైకు డబ్బాలో పెట్టాను.

రేపు ఆమెను విశాఖపట్నం బండెక్కిస్తున్నాను. చదువుతున్న మీరు ఎవరైనా, ఏ ఊరివారైనా, కాసేపు నాతో కలిసి తల వంచండి. పెద్ద మాటలు అక్కర్లేదు. గొంతునిచ్చినవాడా, ఆ మిగిలిన పాట నీ దగ్గర ఉంచుకోకుండా మాకు తిరిగి ఇవ్వు అనండి. బొంగురుదైనా ఇవ్వు అనండి. ఆమెను కోసే చేతిని నీ చేత్తో పట్టుకో అనండి. చివర్లో ఆమేన్ కూడా మీరే చెప్పండి. ఈ సాయంత్రం నాకు ఆ మాట గొంతు దాటి రావడం లేదు.