లోవమ్మత్త పుచ్చుకున్న తాంబూలం

మా లోవమ్మత్తకు ఓటు లేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకెవరికీ లేదు. ఇంటిపన్ను కట్టే మావయ్య ముసలయ్యకు ఉంది. రాజమండ్రిలో మా కుమ్మరి వీధిలో అంత పన్ను కట్టేవాళ్ళు కొద్దిమందే. అందుకని మునిసిపాలిటీ ఎన్నికలు వచ్చాయంటే పెద్దవాళ్ళు మా గుమ్మాలు వెతుక్కుంటూ వచ్చేవారు.

నన్ను బడి మాన్పించి అత్తకు సాయంగా పంపిన ఏడాది సంగతి ఇది. అంతకు ముందు వేసవిలో అత్త పెద్దకొడుకు వాంతులూ భేదులూ పట్టి విషూచితో పోయాడు. మేము నీళ్ళు తెచ్చుకునే గోదావరి రేవు నిండా కలప వ్యాపారి పెద్దిరాజుగారి దుంగలు కట్టి ఉండేవి. వాటి మధ్య నీరు కదలక, బెరడు కుళ్ళి వాసన వేసేది. ఆ సందుల్లోనే బిందె ముంచుకోవాలి. ఆ నీళ్ళే కొడుకును తీసుకుపోయాయని అత్త నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనేది కాదు. మట్టి తొక్కేది, ఆరిన కుండలను వేలితో తట్టి చూసి పగులున్నవి పక్కన పెట్టేది.

ఆ ఏడాది ఎన్నికల్లో పెద్దిరాజుగారి మీద పోటీకి ప్లీడరు సీతాపతిగారు నిలబడ్డారు. నెగ్గితే రేవులో దుంగలు తీయిస్తానన్నారు. మావయ్య తల గోక్కుంటుంటే తలుపు చాటునుంచి అత్తే అంది, "మాటిచ్చెయ్యండి." మావయ్య ఇచ్చాడు.

ఓటు రేపనగా, పొద్దున్నే పెద్దిరాజుగారి భార్య రత్నమాణిక్యంగారు మా వీధికి వచ్చారు. ఎన్నడూ రాని మనిషి. అత్తకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆకులూ వక్కలూ రవికెగుడ్డా చేతిలో పెట్టారు. ఓటు ఊసే ఎత్తలేదు. అంతటి ఇల్లాలు గడపలోకి వచ్చి తాంబూలం ఇస్తే అత్త కాదంటుందా? కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. ఆవిడ పక్కింటికి వెళ్ళగానే ఆకు వేసుకుంది.

ఆవిడ వెనకాల వచ్చిన పెద్దిరాజుగారి గుమాస్తా వీధిలోంచే నవ్వుతూ అన్నాడు, "ముసలయ్య ఓటు మనదేనండి. వాళ్ళావిడ తాంబూలం పుచ్చేసుకుంది."

అత్త నమలడం ఆపేసింది.

మా వైపు తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. పెళ్ళిళ్ళు కూడా దాని మీదే నిలుస్తాయి. ఒకే ఇంట్లోంచి భర్త ఒకరికి, భార్య ఒకరికి మాట ఇచ్చినట్టయింది.

పక్కింటి పాపాయి గోడ మీదుగా తొంగిచూసి, "నోరు పుక్కిలించేసుకోవే లోవమ్మా, ఓటు కూడా ఉమ్మితో పోద్ది," అంది.

"నవ్వులాటగా ఉందా నీకు?"

"మరేం చేస్తావు? తిరిగిచ్చేస్తావా ఏంటి? ముత్తైదువవి, పసుపూ కుంకం వెనక్కిస్తే మొగుడికి కీడు."

 అత్త బొట్టు తడిమి చూసుకుంది. ఉన్న మనిషికి కీడు తలపెట్టడమా, పోయిన బిడ్డకోసం ఇప్పించిన మాట తప్పించడమా? చాలాసేపు కుండల మధ్య కూర్చుంది. తరువాత రవికెగుడ్డ మడతపెట్టి, "రావే," అంది నాతో.

రత్నమాణిక్యంగారు వాళ్ళింటి అరుగు మీద ఉన్నారు. గుమాస్తా పక్కనే నిలబడ్డాడు.

"ఏంటి లోవమ్మా, ఇలా వచ్చావు?"

"పేరంటమనుకుని పుచ్చుకున్నానండి అమ్మగారూ. ఓటుకని తెలీదండి. మా ఆయన ముందే వేరేవాళ్ళకి మాటిచ్చేశారండి." అత్త మడతగుడ్డ ముందుకు చాపింది. "ఆకు నమిలేశాను, అది తేలేను. బొట్టు మాత్రం ఇవ్వనండి. గుడ్డ తెచ్చాను."

"అమ్మగారు గడపకొచ్చి బొట్టు పెడితే గుడ్డ తెచ్చి మొహాన కొడతావా? ఎంత పొగరే!" అన్నాడు గుమాస్తా.

"మీరు లోపలికి వెళ్ళండి," అన్నారావిడ.

అతను లోపలికి వెళ్ళేదాకా ఆవిడ అటే చూశారు. "మావారు పళ్ళెం సర్దిపెట్టి వెళ్ళిరమ్మన్నారు, వెళ్ళాను. ఎందుకని నేనూ అడగలేదు," అని, లేచి వచ్చి రెండు చేతులా ఆ గుడ్డ అందుకున్నారు. "బొట్టు నీదే. చల్లగా ఉండు."

 దారిలో అత్త కొంగు రెండుసార్లు కళ్ళకు వెళ్ళింది.

మర్నాడు మావయ్య ఓటుకు వెళ్ళాడు. అప్పట్లో అధికారి ముందు నిలబడి, నోటితోనే పేరు చెప్పాలి. ఎదురుగా కుర్చీలో పెద్దిరాజుగారు కూర్చుంటారని అందరికీ తెలుసు. మావయ్య తిరిగి వచ్చేదాకా అత్త పొయ్యి వెలిగించలేదు.

"చెప్పారా?"

"చెప్పాను."

"గొణిగారా, గట్టిగానా?"

"సీతాపతిగారని గట్టిగానే అన్నాను. పెద్దిరాజుగారు నా వైపే చూశారు."

అత్త అప్పుడు బియ్యం కడిగింది.

పెద్దిరాజుగారే నెగ్గారు. దుంగలు అక్కడే ఉండిపోయాయి. ఆయన మనుషులు మా దగ్గర కుండలు కొనడం మానేశారు. వీధిలో కొందరు మావయ్యనన్నారు, కొందరు అత్తనన్నారు.  ఫలితం తెలిసిన మరుసటి ఉదయమే అత్త బిందె చంకన పెట్టుకుని, దుంగలు లేని ఎగువ రేవు దారి పట్టింది. చాలా దూరం. ఇంకో బిందె పట్టుకుని నేనూ వెనకే నడిచాను.