మడమలు చూసే మా సార్

మా సార్ పోయారని పోయిన గురువారం సాయంత్రం తెలిసింది. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే, స్కూల్లో నాతో చదివిన హైదరాబాదీ స్నేహితుడు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "సార్ పోయిండ్రా. నిద్రల్నే పోయిండంట," అని ఏడ్చాడు. కారు పక్కకు ఆపి నేనూ ఏడ్చాను. కానీ ఫోన్ పెట్టేసేలోపు వాడు ఇంకో మాట చెప్పాడు. అప్పటి నుంచి నా ఏడుపులో సగం కోపమే. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. మంచే చెప్తాను, కానీ అంతా చెప్తాను.

ధహ్రాన్‌లో ఆయిల్ కంపెనీ ఇంజనీర్ల పిల్లలు చదివే ఇంటర్నేషనల్ స్కూల్లో ఆయన వ్యాయామం సార్. నంద్యాల దగ్గరి ఊరు. మాలాగే ఐదు పూటలా నమాజూ, ఇంట్లో తెలుగూ ఉన్న కుటుంబం. కుర్రతనంలో బరువులెత్తేవారట. ఆ స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం. పేరుకే ఫుట్‌బాల్, కాలికి పనుండదు. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ళు కొందరు, వాళ్ళకు దారి చేయడానికి ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్ళను తోసేవాళ్ళు కొందరు. వీళ్ళను లైన్‌మెన్ అంటారు. బంతి వీళ్ళ చేతికి రాదు, పేరూ రాదు. పెద్ద కోచ్ అమెరికావాడే అయినా ఆ ముందు వరసకు పిల్లల్ని ఏరే పని మా సార్‌కు అప్పగించాడు.

ఆయన నిలబడి చూసేవారు కాదు. మైదానం అంచున బకెట్ బోర్లించి దానిమీద కూర్చునేవారు. నిలబడితే మొహాలే కనిపిస్తాయి, కూర్చుంటే నడుములు కనిపిస్తాయి అనేవారు. ఎంత బరువెత్తుతావని ఎవర్నీ అడగలేదు. మొదటి రోజు మా అందరి చేతా బూట్లు విప్పించి, గొంతుక్కూర్చోమన్నారు. అమెరికా పిల్లలు మునివేళ్ళ మీద లేచిపోయారు, ఇద్దరు వెల్లకిలా పడ్డారు. మనకది పుట్టుకతో వచ్చిన విద్య కదా, నేను మడమలు నేలకానించి హాయిగా కూర్చున్నాను. "చూడండ్రా వీణ్ణి," అన్నారు సార్. "భుజం ఊరికే గొప్పలు చెప్పుకుంటాది. మడమ అబద్ధం చెప్పదు."

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ రోజు నాకు రెక్కలొచ్చాయి.

తర్వాత ఆయన నా మణికట్టు పట్టుకుని చూశారు. "మీ నాయన యెంత పొడుగుంటాడురా? మేనమామలు?" అని అడిగారు. "అందరూ నా అంతే సార్!" అన్నాను ఛాతీ విరుచుకుని. ఇంత చిన్న వయసులోనే వాళ్ళను అందుకున్నానని నా గొప్ప. సార్ నవ్వి వీపు మీద చరిచారు. "నీలో ఇంకా శానా ఉండాదిరా అబ్బోడా," అన్నారు.

మా హైదరాబాదీ వాడు అప్పటికి పొడుగ్గా, తాటిమట్టలా ఉండేవాడు. గాలేస్తే ఊగేవాడు. సార్ రోజూ వాణ్ణి నాకెదురుగా నిలబెట్టేవారు. వాడు తోయాలి, నేను ఆపాలి. నేనెలా ఆపాలో మాత్రం ఆయన నాకు ప్రేమగా నేర్పారు: నడుము దించమని, దెబ్బ తగిలే ముందు ఊపిరి వదలమని, ఎదుటివాడి కళ్ళు కాదు బెల్టు చూడమని. రంజాన్ నెలలో మాకోసం ప్రాక్టీసు ఇఫ్తార్ తర్వాతకు మార్పించి, ఖర్జూరాలు ఆయనే తెచ్చేవారు. పెద్ద దానికోసం మేం వెతుక్కుంటుంటే, "తినేదాంట్లో కూడా పొడుగోణ్ణే యెతుకుతారేందిరా," అని నవ్వించేవారు.

ఇంటర్‌కు నన్ను కర్నూలు పంపేద్దామని మా నాన్న సీటు కూడా చూసిపెట్టారు. సార్ ఇంటికొచ్చి, "అన్నా, వీణ్ణి నాకు ఇడిసిపెట్టు. అమెరికా కాలేజీవోళ్ళు ఫీజు లేకుండా తీసకపోతారు," అన్నారు. మా నాన్న ఆయన మొహం చూసి సరేనన్నారు. నాకు ఆటే లోకమైపోయింది, చదువు మూలన పడింది. చివరి ఏడు ఆ కాలేజీవాళ్ళు వచ్చి చూసి, అప్పటికి కండపట్టి తలుపంత అయిన మా పొడుగోణ్ణి తీసుకుని వెళ్ళిపోయారు. సార్ నన్ను షవర్మా కొట్టుకు తీసుకెళ్ళి, "వోళ్ళకి కండ్లు లేవురా," అన్నారు. నేను నమ్మాను. తర్వాత ఎక్కడ ఉద్యోగం దొరక్కపోయినా, ఏ మేనేజరు చిన్నచూపు చూసినా, మనుషుల్ని తూచడం తెలిసిన ఒకాయన నన్ను తూచి తేలిక కాదన్నాడు అనుకుని నిలబడ్డాను.

మొన్న ఫోన్లో ఆ పొడుగోడు అన్న మాట ఇది. "నా బతుకు నువ్వు పెట్టిన భిక్షరా. సార్ నీ గురించి నాకు మొదటి రోజే చెప్పిండు. వాని ఎదుగుడు ఐపోయింది, గానీ గట్టిగ నిలబడతడు, రోజూ వాణ్ణి తోసుకుంట ఉండు, నువ్వు తయారైతవ్ అన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వాడు రాడన్నడు." మళ్ళీ వాడే, "నీకు తర్వాతన్న తెలిసుంటదనుకున్న," అన్నాడు.

మడమ అబద్ధం చెప్పదన్న మనిషే చెప్పాడు. అదీ ఒకరోజు కాదు, నాలుగేళ్ళు, మా ఇంట్లో మా అమ్మ పెట్టిన టీ తాగుతూ. నన్ను మోసం చేశాడు. ఆయన నేర్పిన విద్యలో ఒక్క ముక్క అబద్ధం లేదు, దాన్ని ఎవరికోసం నేర్పుతున్నాడన్నదే అబద్ధం. అడుగుదామంటే మనిషి లేడు.

వెళ్ళకూడదనుకుంటూనే మర్నాడు దమ్మామ్ వెళ్ళాను. ఆయన రిటైరయ్యాక అక్కడ కొడుకు దగ్గరే ఉండేవారు. శ్మశానం దగ్గర సార్‌ను మోసుకొచ్చే జనాజా కోసం ఎదురుచూస్తూ వేరే వేరే బ్యాచ్‌ల పాత విద్యార్థులు నిలబడి ఉన్నారు. ఒక మలయాళీ, ఒక ఈజిప్టు అతను, ఇద్దరు పాకిస్తానీలు, ఇంకొందరు. మలయాళీ నా దగ్గరకొచ్చి ఉర్దూలో, "నువ్వూ లైన్‌లో ఆడావా?" అని అడిగాడు. అవునన్నాను. "సార్ నాతో ఎప్పుడూ అనేవారు, నీలో ఇంకా చాలా ఉంది అని. ఆ ఒక్క మాట మీదే బతికాను భాయ్," అన్నాడు. పక్కనున్న పాకిస్తానీ చటుక్కున తలెత్తి అతని వైపు చూశాడు.

అప్పుడు చూశాను అందరినీ. మెడలు లావు, నడుములు లావు. ఒక్కడూ నాకంటే పొడుగు లేడు. ఆయన తయారుచేసిన పొడుగువాళ్ళంతా దూరాల నుంచి ఫోన్లు చేశారు.

నాకు తెలిసింది చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఈలోపు ఆయన్ను తెచ్చారు. నమాజయ్యాక గుంటలోకి దించి, మట్టి వేయమన్నారు. ఆనవాయితీకి తలా మూడు దోసిళ్ళు వేసి తప్పుకోవచ్చు, పార పట్టుకున్న పనివాళ్ళు పక్కనే ఉన్నారు. మాలో ఎవరూ తప్పుకోలేదు. ఎండలో, మోకాళ్ళ మీద, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, ఆ పొట్టివాళ్ళమంతా చేతుల్తోనే మట్టి తోస్తూ ఉండిపోయాం.