మా స్టూడియో ఆయన తెచ్చిన రెండు బాడీలు

పోయిన మంగళవారం పొద్దున్నే పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది. "స్టూడియో ఆయన పోయారంటండీ. రాత్రి గుంటూరు ఆసుపత్రిలో. బాడీ మధ్యాహ్నానికి తెస్తారంట." నేను పాలగిన్నె గట్టు మీద పెట్టేశాను. రాత్రి దాకా మనిషి, తెల్లారేసరికి బాడీ. పర్చూరులో ఆ మాటను వేరే అర్థంలో వాడినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. ఊళ్ళో ఫోటోలు తీసే ఆయనకి బాడీ అంటే లెన్సు తీసేసిన కెమెరా.

పోయిన ఏడు కాక ముందటేడు, మిరప కోతల కాలం. మావారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, నేను తెలుగు చెప్పేదాన్ని. పక్షవాతం వచ్చి ఆయనకి కాలూ చెయ్యీ చాలావరకు తిరిగొచ్చాయి గానీ, మూతి ఒక పక్కకి జారి అలాగే ఉండిపోయింది. అప్పటినుంచి ఇంటికి ఎవరొచ్చినా గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆ రోజుల్లో పొన్నూరు నుంచి మా మనవరాలు మూడు నెలల పసిపిల్లతో వచ్చింది. నాలుగు తరాలూ కలిసి ఒక్క ఫోటో తీయించుకోవాలని ఇంట్లో అందరి కోరిక. ఈయన మళ్ళీ మా మధ్య కూర్చుంటారా అన్నది నా బెంగ.

స్టూడియోకి రమ్మంటే ఎలాగూ రారు. ఇంట్లో తీద్దామంటే, పక్క కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి దగ్గు మొదలైతే ఆయనకి ఆగదని కిటికీలన్నీ మూసి ఉంచాం. హాల్లో వెలుగు అంతంతమాత్రం. ఫ్లాషు వేస్తే ఉలిక్కిపడతారు. ఇదంతా చెప్తే స్టూడియో ఆయన తల గోక్కున్నాడు. "నా పాతదానితో ఆ చీకట్లో కాదు మేడం గారూ. ఎలాగూ కొత్తది కొనాలి. ఏది కొనాలో మీ హాల్లోనే తేలుద్దాం."

రెండు రోజులకి ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మా కోడలు తీసి స్పీకరు పెట్టింది. "అమ్మా, గుంటూరు నుంచి రెండు బాడీలు తెస్తున్నా. సాయంత్రం దాకా మీ హాల్లో పెట్టాలి."

కోడలి ముఖం పాలిపోయింది. "ఎవరివండీ?" అంది.

"ఒకటి కొత్తదమ్మా, ఒకటి సెకండ్ హ్యాండు."

నేను నవ్వు ఆపుకుని, కాఫీకి డికాషన్ వెయ్యమన్నాను. ఏ బాడీలు తెచ్చినా తెచ్చినవాడికి కాఫీ ఇవ్వాలిగా.

ఆయన వచ్చి, భోజనాల బల్ల మీద పేపరు పరిచి రెండూ పక్కపక్కన పెట్టాడు. సెకండ్ హ్యాండుది పెద్దది. తక్కువ వెలుగులోనూ శుభ్రంగా తీస్తుందట, కానీ నొక్కినప్పుడల్లా ఠప్పుమంటుంది. కొత్తది చిన్నది. చప్పుడు లేదు, మనిషి కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది. కాకపోతే చీకట్లో బొమ్మ నిండా ఎర్రెర్రటి చుక్కలు. "కారం చల్లినట్టు ఉంటుందండీ" అన్నాడు.

ముందు పెద్దదానితో నన్ను తీసి చూపించాడు. ముడత ఒక్కటీ పోలేదు. "ఏమయ్యా, నా ఫోటో తీశావా, నెర్రెలిచ్చిన చేను తీశావా?" అన్నాను.

"ఫోటో బానే వచ్చిందండీ. మీరే పెద్దవారయ్యారు."

నా నోటికి జవాబు చెప్పేవాళ్ళు ఊళ్ళో తక్కువ. ఆయనంటే నాకు గౌరవం అందుకే.

మా అబ్బాయి బతిమాలి వాళ్ళ నాన్నని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. పసిపిల్ల నా ఒళ్ళో, అబ్బాయీ మనవరాలూ మా వెనక. పెద్ద కెమెరా ఠప్పుమంది. మావారు ముఖం తిప్పుకున్నారు. మళ్ళీ ఠప్పుమంది, మళ్ళీ తిప్పుకున్నారు. "నన్ను లోపలికి తీసుకుపోండి" అన్నారు. ఇక అయిపోయిందనుకున్నాను.

స్టూడియో ఆయన ఏ పెళ్ళిలోనూ ఎవర్నీ నవ్వమని అడిగి ఎరగడు. "నవ్వమంటే పళ్ళు వస్తాయండీ, మనిషి రాడు" అనేవాడు. ఏం తిన్నారని అడుగుతూ తీసేవాడు. ఆ రోజూ పెద్దదాన్ని పక్కన పెట్టి, చిన్నది చేతిలో పట్టుకుని స్టూలు మీద చతికిలబడ్డాడు. "పోనీలెండి సార్. ఇవాళ ఏం కూర?"

మావారు ఇటు తిరిగారు. "కూరా? గోంగూర అడిగి ఆర్నెల్లయింది. ఈవిడ సొరకాయ ఉడకేసి పిసికి పెడుతోంది. ఆ పసిదానికీ నాకూ ఒకటే తిండి."

"దానికి పాలు, మీకు సొరకాయ. తేడా ఉంది" అన్నాను.

"ఉప్పు లేకపోయాక రెండూ ఒకటేనే."

అందరూ నవ్వారు. వేరే చప్పుడేమీ వినపడలేదు.

కాసేపటికి స్టూడియో ఆయన లేచొచ్చి కెమెరా వెనక తెర మావారికి చూపించాడు. "చెప్పకుండా తీశాను సార్. వద్దంటే మీ ముందే చెరిపేస్తా."

మావారు కెమెరా దగ్గరికి లాక్కుని చూశారు. "మూతి వంకరగానే ఉందయ్యా."

"ఉంది సార్. దెబ్బలాడేటప్పుడు ఎవరికైనా అంతే. పక్కన మేడం గారిని చూడండి."

నేనూ చూశాను. ఏ జబ్బూ లేని నా మూతి ఆయన మూతికి రెండింతలు వంకర. మావారు పగలబడి నవ్వి, "ఉంచు" అన్నారు.

చిన్నదే కొన్నాడు. పెద్దది అంత శుభ్రంగా తీస్తుందంటివి కదయ్యా అని అడిగాను. "శుభ్రంగా ఉండి, అందులో మనిషి లేకపోతే ఏం చేసుకుంటామండీ? కాస్త కారం పడితే పడనీండి" అన్నాడు. పిల్లలకి నలభై ఏళ్ళు పాఠాలు చెప్పాను గానీ, ఇంత తేలిగ్గా ఒక్క పాఠమూ చెప్పలేకపోయాను.

ఆ తర్వాత మావారు హాల్లోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. వీధి గడప మాత్రం దాటలేదు. పోయిన మంగళవారం, స్టూడియో ఆయన్ని ఆఖరిసారి చూసొద్దామని నేను చీర మార్చుకుంటుంటే, "చొక్కా ఇవ్వు. నేనూ వస్తా" అన్నారు.

స్టూడియో ఆయన ఇంటి ముందు షామియానా కింద ఊరంతా ఉంది. ఆయన ఫోటోలు తీసిన పెళ్ళికూతుళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు. మావారిని చూసి కొందరు మాటలాపారు, కొందరు చూపు తిప్పుకున్నారు. ఈయన ముందు వరసలో కుర్చీ వేయించుకుని, ఒక్కొక్కరి వైపూ తిరిగి, జారిపోతున్న మాటతోనే, మా హాల్లో జరిగినదంతా చెప్పడం మొదలుపెట్టారు. షామియానా ఎర్రగుడ్డలోంచి దిగిన ఎండ ఆయన ముఖానికి రెండువైపులా సమానంగా పడుతోంది.