కుడినుంచి రాసిన రామనామం

రోజూ పారాయణానికి ముందు నేను తలచుకునే పంతులుగారికి కాలు ఒక్కచోట నిలిచేది కాదు. మా ఇంటికొచ్చి, వసారాలో తిరుగుతూనే పాఠం చెప్పేవారు.

"ఇయ్యాల రామనామం సక్కగ రాయకుంటే ఆడివిల్లకు సదువు బంద్," అన్నాడు మా నాయన, బాపు, ఒకనాడు. రాత కోసం నేలమీద పరిచిన ఇసుకలో వేలు పెట్టాను. అన్న ఉర్దూ రాత చూసీ చూసీ, నేనూ కుడినుంచి ఎడమకు రాశాను. అది 'మరా' అయింది.

"రాముని తిరగేసినవేందే!" అవ్వ నవ్వింది. ఇక చదువు చాలన్నట్టు బాపు లేవబోయాడు.

పంతులుగారు చప్పున నా పక్కన కూలబడ్డారు. "ఆగకుండ సదువు బిడ్డా."

"మరా మరా మరా..." చదువుతూ పోతే నా నోట రాముడే పలికాడు.

పంతులుగారు బాపు వైపు తిరిగారు. "ఇన్నరా పటేలా? బిడ్డ తొవ్వ తప్పలే, జర సుట్టు తిరిగొచ్చింది."

బాపు నవ్వు దాచుకున్నాడు. "రేపు జల్ది రాండ్రి పంతులూ. ఎడమదిక్కు నుంచి షురూ జెయ్యిండ్రి."