పొద్దుండగానే మోగిన గంట

యుద్ధం ముగిసిన ఏడు మా పేట మొత్తం వరికోతలకు డెల్టాకు వెళ్లిపోయింది. మాచవరం దాపుల మా మెట్టచేలల్లో అప్పుడు గింజ రాలలేదు. పిల్లల్నీ, చట్టీముంతల్నీ, చివరికి కోళ్లగంపల్ని కూడా బండ్లకెత్తుకున్నాం. కుక్కలు మా వెంటే వచ్చాయి. మిగిలింది ఇద్దరే. చూపులేని రాహేలవ్వ, ఆమెను కనిపెట్టుకోమని మేం అప్పగించిన మా ఉపదేశి దేవానందం గారు.

ఆయన నరసరావుపేటలో చదువుకున్నాడు. తను వాక్యం చెబుతుంటే వందలమంది కదలకుండా వినాలని ఆశ. దేవుడేమో ముప్పై గడపల పేటకు పంపాడు. ఆ గడపలకూ ఇప్పుడు తడికలు కట్టేశాం. "మీరు పోండి, నేను హాయిగా ప్రార్థన చేసుకుంటా" అని గొప్పగా సాగనంపాడు. కొన్నాళ్లు చేసుకున్నాడు కూడా. ఆ తర్వాత మధ్యాహ్నాలంటే భయం పట్టుకుంది.

బైబిలు తెరిస్తే చదివిన వాక్యమే మళ్లీ చదివేవాడు. మోకాళ్లూనితే ఆవలింత. బయటికొస్తే ముసురు, పొద్దు ఎక్కడుందో తెలియదు. దేవుడు కూడా మాతోపాటు బండెక్కి కోతలకు పోయాడేమో అనిపించేదట. ఈ మాట తర్వాత ఆయనే మా అందరి ముందూ చెప్పాడు, నేను కల్పించలేదు.

ప్రార్థన గుడి ముందు వేలాడే రైలు పట్టా ముక్కే మా గంట. పొద్దునొకసారి, దీపాలవేళ ఒకసారి కొట్టాలి. సాయంత్రం గంట కొట్టి, ఒక్కడే ప్రార్థన ముగించి, అవ్వకు గంజి పోస్తే ఆయన రోజు గడిచినట్టు. విసుగు తట్టుకోలేక ఒకనాడు కాస్త ముందే కొట్టాడు. వినేదెవరులే అనుకున్నాడు. మర్నాడు ఇంకాస్త ముందు. చివరికి ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే కొట్టేసి, అవ్వకు గంజి పోసి, ముసుగుతన్ని పడుకున్నాడు.

అవ్వకు ఆ గంటే పగలూ రాత్రీ. ముసురులో ఎండ తగలదు, కూయడానికి కోడి లేదు. పైగా చలిజ్వరం. గంజి తాగి రాత్రయిందనుకుని పడుకుంది. లేచి పొద్దుటి గంట కోసం కాచుకుంది. అది మోగలేదు. మేం కోతలకు పోయిన సంగతి జ్వరంలో మరిచిపోయింది పాపం.

దేవానందం గారికి మెలకువ వచ్చేసరికి మసక చీకటి పడుతోంది. ఎవరో తడికలు బాదుతున్నారు. ఒక్కో ఇంటి ముందూ ఆగి పేరుపేరునా పిలుస్తున్నారు.

"ఒరేయ్ ఏసోబూ! ఏమే కరుణమ్మా!"

అది మనిషి గొంతులా లేదు. ప్రార్థనకు నోరు తెరిస్తే మాట రాలేదు. లేచి గొంతు వినబడిన వైపు వెళ్లాడు. అవ్వ మా ఇంటి తడిక పట్టుకుని బురదలో కూలబడి ఉంది.

"ఎవురది?"

"నేనే అవ్వా, దేవానందాన్ని."

ఆమె ఆయన కాళ్లు తడిమింది. "రాకడ అయిపోయిందా అయ్యగారా? ప్రభువొచ్చి అందర్నీ తీసకపోయాడా? ఎంతకీ తెల్లారట్లా. ఒక్కరూ పలకట్లా." అంతలోనే గొంతు తగ్గించింది. "అయితే నువ్వు గూడా మిగిలిపోయావా అయ్యా?"

ఆ మాట ఆయన్ను మరి వదల్లేదు. ప్రభువు మళ్లీ వచ్చి నమ్మినవాళ్లను తీసుకుపోతాడనీ, ఆ రాకడ కోసం మెలకువగా ఉండండనీ ఏళ్లుగా మాకు చెప్పిన మనిషి, ఒక్క మధ్యాహ్నం కాచుకోలేకపోయాడు.

"లేదవ్వా. ఇంకా రాత్రే కాలా. పొద్దుబోక నేనే గంట ముందు కొట్టేశా" అన్నాడు ఏడుస్తూ.

అవ్వ కొంగుతో చేతుల బురద తుడుచుకుంది.

"పొద్దుబోకపోతే నా కాడికి రాగూడదా? నాకు మాత్రం పోద్దా ఏంది?"

మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆయన అవ్వ మంచం పక్కనే కూర్చున్నాడు. మేం తిరిగొచ్చేసరికే అవ్వ కన్నుమూసింది. ఆ మధ్యాహ్నాలైనా తొందరగా గడిచాయా అని అడిగాం. లేదన్నాడు. చెప్పుకునే మాటలు రెండో రోజుకే అయిపోయాయట. విసుగు అలాగే ఉందట.

"చదువుకున్న ప్రార్థనలన్నీ ఎటో పోయినయ్. అవ్వ మాత్రం గడియ గడియకీ 'ఉన్నావా?' అనేది. 'ఉన్నా' అనేవాణ్ణి. నేను చేసిన ప్రార్థన అదొక్కటే" అన్నాడు.

ఆ తర్వాత ఎన్నో మధ్యాహ్నాలు, ఖాళీ గుడిలో, ఎవరూ అడక్కుండానే ఆయన "ఉన్నా" అనడం మేం విన్నాం.