సుక్కమ్మ దాచిన మాట

శామీర్‌పేట దగ్గరి ఒక దళితవాడలో బావి తవ్విన కథ చెప్పడానికి ఒక పద్ధతుంది. పటేలు బావికి నీళ్లకు పోయిన ఆడవాళ్లను ఆయన వాళ్ల కులం పేరు పెట్టి ఒక మాట అన్నాడు. కథ అక్కడికి రాగానే చెప్పేవాళ్లు ఆగి, చెంబులో నీళ్లు నేల మీద ఒంపుతారు. మాట మాత్రం అనరు.

ఆ పద్ధతి పెట్టింది సుక్కమ్మే. ఆ రోజు బిందె పట్టుకుని ముందు నిలబడ్డ కొత్త కోడలు ఆమె. మరునాడే గడ్డపార పట్టి, వాడవాళ్లను వెంటేసుకుని మామ చెలకలో సొంత బావికి గుంత తీసింది. ఆ మాట పిల్లల చెవిన పడకుండా బతుకంతా కాపలా కాసింది. కన్నకొడుకులకు కూడా చెప్పలేదు. అంత మొండిది మరి!

2012లో మనవరాలు స్రవంతి, మేడ్చల్ కాలేజీలో చదివే పిల్ల, ఆ కథను ఒక వెబ్‌సైటులో ఎక్కించింది. అందులో ఊళ్ల చరిత్రలు ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. మాట ఉండాల్సిన చోట చుక్కలు పెట్టింది. కొన్నాళ్లకే ఎవరో ఆ చుక్కలు తీసేసి, ‘చిన్న మాటపట్టింపు వస్తే పటేలుగారే పెద్ద మనసుతో బావి తవ్వించారు’ అని దిద్దారు. స్రవంతి మార్చింది. వాళ్లు మళ్లీ మార్చారు. చివరికి సైటు నడిపేవాళ్లు, ఆయన అన్నదేమిటో తెలిస్తే అన్నట్టుగానే రాయండి, లేదంటే ఆ ముక్క తీసేస్తామన్నారు.

"అవ్వా, గా మాటేందో జెప్పు," అంది స్రవంతి, స్నేహితురాలి దగ్గర తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ముందేసుకుని.

సుక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు బిడ్డా. దాన్ని గా కంప్యూటర్ల ఇడిస్తె ఊరూరు తిరుగుతది. రేపు నిన్నే గట్ల పిలుస్తరు."

"నాకూ భయమే అవ్వా. గని జెప్పకపోతే బాయి ఆయనదైతది. చిన్న మాటనంట."

చిన్న మాటట! సుక్కమ్మకు ఒళ్లు మండింది. అయినా భయం పోలేదు. తలుపు గడియ పెట్టించింది. చెంబెడు నీళ్లు ముందుగానే ఒంపి, మనవరాలి చెవిలో చెప్పింది. స్రవంతి ముఖం పాలిపోయింది. అది చూసి ముసలిదానికి ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్లు దాచింది ఈ ముఖం చూడకూడదనే.

స్రవంతి టైపు చేసింది. "అవ్వా, మనం గట్లాంటోళ్లమని రాయలే. పటేలు అన్నడని రాసిన. ఆయన మాటకు అటిటు గీ గుర్తులు పెట్టిన. గిది ఆయనది, మనది గాదని అర్థం."

చదువు రాని సుక్కమ్మ తెర మీదికి వంగి, ఆ గుర్తులను వేలితో తడిమింది.

"గట్టిగ పెట్టు బిడ్డా," అంది. "బయటికి రావొద్దు."